మూలుగ వార్డులో మెదడు లెక్క

యాభై కిలోల మనిషికి పూటకు పాతిక మాత్రలు. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు పూటలు, వరసగా నాలుగు రోజులు. మొత్తం నాలుగు వందలు. బుసల్ఫాన్ అప్పట్లో రెండు మిల్లీగ్రాముల చిన్న మాత్రగానే వచ్చేది కాబట్టి ఈ లెక్క తప్పేది కాదు. తొంభైల్లో నేను ఎముక మూలుగ మార్పిడి వార్డులో చేరినప్పుడు సీనియర్ సిస్టర్ నాకు అప్పగించిన మొదటి పని ఈ మాత్రలు మింగించడమే. పాతికా ఒక్క గుక్కలో ఎవరి గొంతూ దిగవు. కాచి చల్లార్చిన నీళ్లతో ఐదేసి చొప్పున ఇచ్చేవాళ్లం. మింగిన అరగంటలోపు వాంతి అయిందా, చేతికి గ్లవ్స్ తొడుక్కుని ట్రేలో మాత్రలు ఏరాలి. ఎన్ని కనబడితే అన్ని మళ్లీ ఇవ్వాలి. అర్ధరాత్రి పూట ట్యూబ్‌లైటు కింద వాంతిలో మాత్రలు లెక్కపెట్టిన నర్సులం మేము. ఈ మందు సూదిగా వచ్చాక చేరిన పిల్లలకు ఆ కష్టం తెలియదు, తెలియకపోవడమే మంచిది.

ఈ మాత్రలతోపాటు ఎప్టాయిన్ కూడా ఇచ్చేవాళ్లం. బుసల్ఫాన్ కంటే ముందే అది మొదలయ్యేది. ఎప్టాయిన్ మన ఊళ్లలో అందరికీ తెలిసిన ఫిట్స్ మాత్ర. తలసీమియా బిడ్డను తెచ్చుకున్న ఒకావిడ, ఉదయగిరి వైపు మనిషి, అది చూసి ఉలిక్కిపడింది.

"మా వాడికి నెత్తురు జబ్బు గదా సిస్టరమ్మా, మూర్ఛ మాత్ర ఎందుకేస్తున్నారు? వాడికి ఎప్పుడూ మూర్ఛ రాలేదే."

"డాక్టరుగారు రాశారమ్మా, రాకుండా ఉండటానికి," అన్నాను. చిన్నమాటగా చెప్పాలంటే అంతే. పెద్దమాటగా చెప్పాలంటే ఈ వైద్యం చరిత్రంతా చెప్పాలి. రిటైరయ్యాక తీరిక దొరికి చదువుకున్నదీ, వార్డులో కళ్లారా చూసినదీ కలిపి ఇప్పుడు చెబుతున్నాను.

బుసల్ఫాన్ లండన్‌లో పుట్టిన మందు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాకు దీన్ని వాడి డేవిడ్ గాల్టన్ 1953లో ఫలితాలు ప్రకటించాడు. అప్పట్లో రోజుకు రెండు మూడు మాత్రలే మోతాదు. ముప్పై ఏళ్ల తర్వాత, 1983లో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో జార్జ్ శాంటోస్ బృందం రేడియేషన్‌కు బదులుగా అదే మందును మూలుగ మొత్తం ఖాళీ అయ్యేంత మోతాదులో వాడి చూపింది. రెండు మూడు మాత్రల రోజుల్లో ఎవరికీ పట్టని సంగతి వంద మాత్రల రోజుల్లో బయటపడింది. చాలా మందులను మెదడు దగ్గర రక్తనాళాల గోడలు ఆపేస్తాయి. బుసల్ఫాన్‌ను ఆపలేవు. వెన్నునీరు తీసి కొలిస్తే నెత్తుట్లో ఎంత ఉందో అక్కడా దాదాపు అంతే ఉంటుంది. మూలుగ కోసమని మింగిన మందు మెదడంతా తిరిగి వస్తుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో ఫిట్స్ రావచ్చు. ఆ తల్లి అడిగిన దానికి జవాబు ఇదీ.

ఇంత తెలిసి కూడా మా వార్డు చార్టులో మెదడుకు ఒక గడి ఉండేది కాదు. తెల్లకణాలకు గడి ఉంది, ప్లేట్‌లెట్లకు ఉంది, క్రియాటినిన్‌కు, బిలిరుబిన్‌కు, విరేచనం ఎన్ని మిల్లీలీటర్లు అన్నదానికి కూడా ఉంది. మూలకణాలు ఎక్కించే రోజు మాకు సున్నా రోజు. అంతకు ముందువి మైనస్ రోజులు, తర్వాతవి ప్లస్ రోజులు. ప్లస్ పది దాటిందంటే ఇంటివాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే, "కౌంట్స్ వచ్చాయా?" మనిషికి మతి ఎలా ఉంది అని అడిగే తీరిక ఎవరికీ లేదు. దీనికి ఎవర్నీ తప్పు పట్టలేం. ఈ వైద్యం పుట్టిన తీరే అలాంటిది.

దీని పుట్టుక హిరోషిమా, నాగసాకి బాంబుల నీడలో జరిగింది. రేడియేషన్ తగిలిన మనిషి మూలుగ ఎండిపోయి చనిపోతాడని తేలాక, దాన్ని తిరిగి మొలిపించడం ఎలా అన్న వెతుకులాట మొదలైంది. 1949లో షికాగోలో లియోన్ జాకబ్సన్ ఎలుక ప్లీహానికి సీసం కవచం పెట్టి రేడియేషన్ ఇస్తే ఆ ఎలుక బతికింది. రెండేళ్లకు ఎగాన్ లోరెంజ్ బృందం వేరే ఎలుక మూలుగ ఎక్కించి అదే ఫలితం సాధించింది. 1957లో డాక్టర్ డానల్ థామస్ న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో ఆరుగురు రోగులకు వేరేవాళ్ల మూలుగ ఎక్కించి ఆ వివరాలు ప్రచురించాడు. ఆరుగురిలో నూరు రోజులు దాటి బతికినవాళ్లు లేరు.

మరుసటి ఏడాది అక్టోబరులో యుగొస్లావియాలో బెల్‌గ్రేడ్ దగ్గర వించా అనే చోట పరిశోధనా రియాక్టరు అదుపు తప్పింది. రేడియేషన్ సోకిన ఆరుగురిని పారిస్ తీసుకుపోయారు. జార్జ్ మాతే అనే డాక్టరు వాళ్లలో ఐదుగురికి మూలుగ ఎక్కించాడు. ఇచ్చినవాళ్లు ఈ యువకులెవరో ఎరగని ఫ్రెంచివాళ్లు. సొంత తమ్ముడికి మూలుగ ఇవ్వడానికి అన్నను ఒప్పించలేక కాళ్లావేళ్లా పడిన కుటుంబాలను చూసినదాన్ని కాబట్టి, ఆ ఫ్రెంచివాళ్ల పేర్లు ఏ పుస్తకంలో కనబడినా అక్కడ కాసేపు ఆగుతాను. ఆ ఐదుగురిలో ఒకరు పోయారు, మిగతావాళ్లు ఇల్లు చేరారు.

తర్వాత పదేళ్లు చేదు కాలం. 1970 నాటికి ప్రపంచమంతా కలిపి జరిగిన రెండు వందల పైచిలుకు మార్పిడులను ఒకచోట చేర్చి లెక్కగడితే బతికున్నవాళ్లు వేళ్ల మీదే తేలారు. చాలామంది డాక్టర్లు ఈ పని వదిలేసి వేరే దారి చూసుకున్నారు. థామస్ వదల్లేదు. సియాటిల్ చేరి, కుక్కల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసి, దాత కణజాలం రోగికి కుదిరేలా చూసే పద్ధతి స్థిరపరిచాడు. ఆయన భార్య డాటీ పక్కనుండి ల్యాబు పనీ రాతకోతల పనీ నడిపింది. 1975లో ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ కేంద్రం అక్కడే తెరుచుకుంది. 1990లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఈ కథలో మెదడు ఎక్కడా కనబడదు. అందుకు రెండు కారణాలు. పెద్దవాళ్ల మెదడు కణాలు విభజన చెందవు కాబట్టి రేడియేషన్ వాటిని పెద్దగా తాకదని అప్పటి పాఠ్యపుస్తకాల నమ్మకం. ఒళ్లంతా కోబాల్టు కిరణాలు పట్టించేవాళ్లు, తల కూడా అందులోనే. రెండో కారణం ఇంకా సూటిగా ఉంటుంది. నూరు రోజులు బతకని మనిషికి జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టేదెవరు? ముందు మనుషులు బతకాలి. బతికి ఇంటికి పోవాలి, ఉద్యోగంలో చేరాలి, చేరాక "ఇదివరకటిలా లేదు" అని వాళ్లే అనాలి. అలా అనగలిగినవాళ్లు చాలినంతమంది తేలేసరికి ఎనభైలు వచ్చేశాయి.

మన దేశంలో మొదటి మార్పిడి 1983 మార్చిలో బొంబాయి టాటా మెమోరియల్‌లో జరిగింది. 1986లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ మమ్మెన్ చాండీ ఆధ్వర్యంలో మొదలైంది. నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాల వాళ్లకు వెల్లూరు పక్కింటి లాంటిది. కాట్పాడి స్టేషన్లో దిగే రోగుల గుంపులో తెలుగు వినబడని రోజుండదు. వాళ్లలో తలసీమియా పిల్లల అమ్మానాన్నలూ ఉండేవాళ్లు. ఆ పిల్లలకు రేడియేషన్ లేకుండా బుసల్ఫాన్, సైక్లోఫాస్ఫమైడ్‌లతో మార్పిడి చేసే పద్ధతికి ఇటలీలోని పెసారోలో గ్విడో లుకరెల్లి దారి వేశాడు. ఎదిగే పిల్లల తలకు కిరణాలు తప్పించడం అన్నది ఈ పద్ధతితో వచ్చిన పెద్ద మేలని నా అభిప్రాయం.

ఇక్కడ భీమవరం బిడ్డ ఒకాయన కథలోకి వస్తాడు. 1895లో అక్కడ పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత దానికి ఎదురుపనిచేసే అమినోప్టెరిన్‌ను, మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను లుకేమియా పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. సుబ్బారావుగారు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. తన మెథోట్రెక్సేట్ మూలుగ మార్పిడిలోకి వస్తుందని ఆయనకు తెలిసే అవకాశమే లేదు. దాత కణాలు కొత్త ఒంట్లో కుదురుకున్నాక ఆ ఒంటినే పరాయిదనుకుని కొట్టడం మొదలుపెడతాయి. చర్మం, పేగు, కాలేయం దెబ్బతింటాయి. వార్డులో దాన్ని జీవీహెచ్‌డీ అంటాం. అది రాకుండా ప్లస్ 1, 3, 6, 11 రోజుల్లో మెథోట్రెక్సేట్ చిన్న మోతాదులు ఇస్తారు. సిరంజిలోకి తీస్తే పసుప్పచ్చగా మెరిసే మందు. కొత్త సిస్టర్లకు అది చూపించి "మన భీమవరం ఆయన చలవ" అని చెప్పడం నాకు అలవాటు.

అదే మందుకు రెండో ముఖం ఉంది. లుకేమియా కణాలు మెదడు పొరల్లో దాక్కుంటాయి కాబట్టి మెథోట్రెక్సేట్‌ను వెన్నులోంచి నేరుగా వెన్నునీటిలోకి ఎక్కిస్తారు. తలకు రేడియేషన్ కూడా ఇచ్చేవాళ్లు. మెదడు లోపలి తెల్లపదార్థం, అంటే ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కబురు మోసే తీగలు, కొందరిలో పాడవుతున్నట్టు డెబ్బైల్లో గుర్తించారు. మందు ఎంత అన్నదే కాదు, వరస కూడా ముఖ్యమని తర్వాత తేలింది. రేడియేషన్ తర్వాత మెథోట్రెక్సేట్ ఇస్తే హాని ఎక్కువ, ఎందుకంటే కిరణాలు ముందే రక్తనాళాల గోడలను వదులు చేసి ఉంటాయి. మార్పిడికి వచ్చే లుకేమియా రోగి ఇవన్నీ దాటుకునే వస్తాడు. మా దగ్గర పడక ఎక్కేసరికే అతని మెదడు సగం యుద్ధం చేసి ఉంటుంది. ఈ మాట తర్వాత పరీక్షల లెక్కలోనూ రుజువైంది. మార్పిడికి ముందే జ్ఞాపకశక్తి, చురుకుదనం తగ్గి ఉన్నవాళ్లు గణనీయంగా కనబడ్డారు.

జీవీహెచ్‌డీ రాకుండా వాడే ఇంకో మందు, సైక్లోస్పోరిన్, దాని ముచ్చట వేరు. 1969లో సాండోజ్ మందుల కంపెనీ ఉద్యోగి ఒకాయన సెలవుల్లో నార్వేలోని హార్డాంగర్‌విడా పీఠభూమికి వెళ్లి తెచ్చిన గుప్పెడు మట్టిలో దొరికిన బూజు నుంచి ఇది పుట్టింది. రోగనిరోధక శక్తిని అణచే దాని గుణం డెబ్బైల్లో బయటపడింది. ఆ దశాబ్దం చివర్లో లండన్‌లో రే పౌల్స్ మూలుగ రోగులకు వాడాడు. జీవీహెచ్‌డీకి దీనంత ఆసరా ఇచ్చిన మందు అప్పటికి లేదు. మొదట్లో ఇది నూనె మందుగా వచ్చేది. పాలలో కలిపి గాజు గ్లాసులోనే ఇవ్వాలి, ప్లాస్టిక్ గ్లాసయితే గోడకు అంటుకుపోయి మోతాదు తప్పుతుంది. తాగిన కొద్ది రోజులకు చేతులు వణకడం మొదలు. అన్నం కలుపుకునేటప్పుడు మెతుకులు రాలేవి. ఇంటికి వెళ్లినవాళ్లకు బ్యాంకులో తిప్పలు, సంతకం కుదరడం లేదని చెక్కు వెనక్కి పంపేవాళ్లు. "వేలిముద్ర వెయ్యమంటున్నారు సిస్టర్, నేను డిగ్రీ చదివాను," అని ఒకాయన ఫోన్లో బాధపడ్డాడు. మందు ఆపాక వణుకు పోతుందని చెబితే, అప్పటిదాకా జీతం ఎట్లా తీసుకోవాలి అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

కొందరికి ఇబ్బంది వణుకుతో ఆగేది కాదు. పట్టపగలు, కిటికీ తెర తీసి ఉంది, లైటు వెలుగుతోంది. మంచం మీద కూర్చున్న అమ్మాయి "కరెంటు పోయిందా సిస్టర్?" అంది. నేను దగ్గరకు వెళ్లి చెయ్యి ఆడించాను. రెప్ప వెయ్యలేదు. కళ్లు రెండూ బాగానే ఉన్నాయి. బీపీ చూస్తే పై అంకె 170 దాటింది. డాక్టరును పిలిచేలోపు ఫిట్స్ వచ్చేశాయి. తల వెనక భాగంలో, చూపుకు సంబంధించిన చోట, మెదడు వాచింది. సైక్లోస్పోరిన్ ఆపి, బీపీ దించి, మెగ్నీషియం ఎక్కించాక రెండు మూడు రోజుల్లో చూపు మెల్లగా వచ్చింది. ముందు వెలుతురు, తర్వాత మనుషుల ఆకారాలు, ఆ తర్వాత గడియారం ముళ్లు. 1996లో బోస్టన్ డాక్టర్లు ఇలాంటి 15 మంది వివరాలు ఒకచోట పెట్టి దీన్నొక ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించారు. ఎంఆర్ఐ వచ్చింది కాబట్టి గుర్తించగలిగారు. అంతకు ముందు ఇలా జరిగినవాళ్లకు కేసు షీట్లో ఏం రాశారో ఊహించడం కష్టం కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, అరుదైనదే అయినా. పసిపిల్లలకు జ్వరం, దద్దుర్లు తెచ్చి వెళ్లిపోయే ఒక హెర్పిస్ వైరస్, ఆరో రకం, మనలో దాదాపు అందరి ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది. మార్పిడి తర్వాత మూడు నాలుగు వారాలకు, కాపలా లేనప్పుడు, అది లేచి మెదడులో జ్ఞాపకాలు కట్టే హిప్పోక్యాంపస్ మీద పడుతుంది. ఆ రోగి పాత సంగతులన్నీ చెబుతాడు. భార్యను గుర్తుపడతాడు, పెళ్లి ఏ ఊళ్లో జరిగిందో చెబుతాడు. ఐదు నిమిషాల కింద ఇడ్లీ తిన్న సంగతి మాత్రం చెప్పలేడు. ఇంటివాళ్లు దీన్ని అలసట అనుకుంటారు. ఇలాంటివాటిని ముందు పసిగట్టేది ఎప్పుడూ పక్కన కూర్చున్న మనిషే. "అడిగిందే మళ్లీ అడుగుతున్నాడు సిస్టరమ్మా" అన్న మాటను నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు.

కొలత ఎప్పుడు మొదలైందంటే, విచిత్రంగా, ఒక తప్పుదోవలోంచి. తొంభైల్లో రొమ్ము క్యాన్సర్‌కు భారీ మోతాదు కీమో ఇచ్చి, రోగి సొంత మూలకణాలనే ముందుగా తీసి దాచి తిరిగి ఎక్కించే పద్ధతి అమెరికాలో ఉప్పెనలా వచ్చింది. ఇన్సూరెన్సు కంపెనీలు ఒప్పుకోకపోతే కోర్టుకెక్కారు. 1999లో దక్షిణాఫ్రికా డాక్టర్ వెర్నర్ బెజ్వోడా అద్భుతమైన ఫలితాలు చూపించాడు. మరుసటి ఏడాది ఆడిటర్లు వెళ్లి రికార్డులు తిరగేస్తే అది బూటకమని తేలింది. మిగతా పరీక్షల్లో లాభమేమీ కనబడలేదు. ఆ పద్ధతి వచ్చినంత వేగంగానూ పోయింది. కానీ ఈ లోపు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫ్రిట్స్ వాన్ డామ్ బృందం ఒక పని చేసింది. భారీ మోతాదు తీసుకున్న ఆడవాళ్లకు, మామూలు మోతాదు తీసుకున్నవాళ్లకు, కీమో అసలు లేనివాళ్లకు వైద్యం ముగిసిన రెండేళ్ల తర్వాత మెదడు పరీక్షలు పెట్టింది. 1998లో ప్రచురించిన లెక్క ఇది: భారీ మోతాదు వాళ్లలో 32 శాతానికి లోపం, మామూలు మోతాదులో 17, కీమో లేనివాళ్లలో 9. "కీమో తర్వాత బుర్ర పనిచెయ్యడం లేదు" అన్న ఆడవాళ్ల మాట అప్పటిదాకా దిగులు కింద కొట్టుకుపోయేది. ఇప్పుడు దానికి అంకె వచ్చింది.

సియాటిల్‌లో కేరన్ సిర్యాలా చేసిన పని నాకు ఇంకా నచ్చుతుంది, ఎందుకంటే ఆమె మార్పిడికి ముందే పరీక్ష పెట్టింది. ముందు కొలవకుండా తర్వాత తగ్గిందని ఎలా చెబుతాం? 142 మందిని ముందు ఒకసారి, 80వ రోజు ప్రాంతంలో ఒకసారి, ఏడాది నిండాక ఒకసారి చూసింది. 80వ రోజుకు అన్ని పరీక్షల్లోనూ తగ్గుదల కనబడింది. ఏడాదికి చాలావరకు తేరుకున్నాయి. తేరుకోనివి చేతి పట్టు, వేళ్ల నేర్పు. ఐదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే మాటలు వెంటనే తట్టడం, పనులు వరసపెట్టుకోవడం ఇంకా మెరుగయ్యాయి. అయినా బతికి బయటపడినవాళ్లలో నూటికి 40 మందికి పైగా కొద్దో గొప్పో లోపం మిగిలింది, అదే ఈడు ఆరోగ్యవంతుల్లో దాదాపు 20 మందికి. 2011లో ఈ ఫలితం వచ్చింది. విన్నవి గుర్తుంచుకుని తిరిగి చెప్పడం, వేళ్ల పని, ఈ రెండే మొండికేశాయి. స్మితా భాటియా బృందం 2018లో 477 మంది మీద చేసిన పరిశీలనలో సొంత కణాలు ఎక్కించుకున్నవాళ్లకు పెద్ద తేడా కనబడలేదు, దాత కణాలతో పూర్తి మోతాదు తీసుకున్నవాళ్లకు ఎక్కువ కనబడింది.

వేళ్ల పరీక్ష ఎలా ఉంటుందంటే, ఒక చిన్న పలక, దానికి 25 రంధ్రాలు. ప్రతి రంధ్రానికీ ఒక పక్క చిన్న గాడి, ఒక్కోదానికి ఒక్కో దిక్కున. ఇనుప పుల్లకూ ఒక అంచు ఉంటుంది. పుల్లను వేళ్ల మధ్య తిప్పుకుంటూ గాడికి అంచు కలిపి దించాలి. ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. నాకు దీన్ని ఒక డాక్టరమ్మ చూపించినప్పుడు నెల్లూరు ట్రంకురోడ్డు మీద పూలమ్మే ఒక పేషెంటు గుర్తొచ్చింది. మార్పిడి అయ్యాక చెకప్‌కు వచ్చినప్పుడల్లా "చెయ్యి సాగట్లేదమ్మా" అనేది. మల్లెమొగ్గలు రెండేసి ఎదురెదురుగా పెట్టి నార చుట్టి ముడి లాగేలోపు ఒకటి జారిపోతోందట. ఇదివరకు పొద్దున కూర్చుంటే బస్సుల టైముకు బుట్ట నిండేదని, ఇప్పుడు కోడలు సాయం చేస్తే తప్ప నిండట్లేదని చెప్పింది. చెకప్‌లో ఆమెకు అంతా నార్మల్ అని రాశారు. రాసింది నిజమే, నెత్తురు వరకు.

మాటల పరీక్షది ఇంకో తంటా. ఇంగ్లీషులో ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెబితే అంత చురుకు. బడికి పోనివాళ్లకు అక్షరంతో మొదలవడం అంటేనే తెలియదు. బెంగుళూరు నిమ్హాన్స్‌వాళ్లు మన భాషల కోసం క, ప, మ శబ్దాలు పెట్టుకున్నారు. చదువు లేనివాళ్లకూ పనికొచ్చేలా తెలుగులో పరీక్షలు దిద్దుకునే పని హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం మతిమరుపు జబ్బుల కోసం చేసింది. మూలుగ రోగుల దగ్గరకు ఇలాంటివి ఎప్పుడో రావలసింది. గుంటూరు మిర్చి యార్డు గుమాస్తా ఒకాయన ఉండేవాడు. పాతిక బస్తాల తూకాలు నోటితోనే కూడేవాడట, మార్పిడి తర్వాత క్యాలిక్యులేటర్ పట్టాడు. సియాటిల్ పలక మీద ఆయన పాసవ్వచ్చు. తన మీద తాను పెట్టుకున్న పరీక్షలో మాత్రం ఫెయిలయ్యాడు, యజమాని ముందు.

పిల్లల విషయంలో కొంత మంచి కబురుంది. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో షాన్ ఫిప్స్ బృందం మార్పిడి జరిగిన పిల్లలను ఏళ్ల తరబడి చూసింది. ఎక్కువమంది తెలివితేటలు నిలకడగా ఉన్నాయి. మరీ చిన్నప్పుడు ఒళ్లంతా రేడియేషన్ పడ్డ పిల్లలకే భయం ఎక్కువ. చదువులో ఎవరు ముందుంటారన్నది వైద్యం కంటే ఇంటి స్థితిగతుల మీదే ఎక్కువ ఆధారపడిందని కూడా వాళ్లు చూపారు. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యమనిపించలేదు. ఒకే నెలలో ఇంటికి పంపిన ఇద్దరు పిల్లల్లో ఒకడు ట్యూషన్‌కు పోయాడు, ఇంకొకడు ఏడాది పోయిందని బడి మానేశాడు. మెదడు కారణం కాదు, అప్పు కారణం.

ఇంతవరకు చెప్పినదంతా వింటే మార్పిడి అంటే మెదడుకు నష్టమే అనిపిస్తుంది. కానీ సరిగ్గా మెదడును కాపాడటానికే దీన్ని చేసే జబ్బులున్నాయి. హర్లర్ అనే పుట్టుకజబ్బులో ఒక ఎంజైము లేక పిల్లల మెదడు క్రమంగా మందగిస్తుంది. 1980లో లండన్‌లో జాక్ హాబ్స్ బృందం అలాంటి బిడ్డకు మూలుగ మార్చి చూసింది. మగపిల్లల మెదడు తెల్లపదార్థాన్ని తినేసే అడ్రినోల్యూకోడిస్ట్రఫీకి ఫ్రాన్స్‌లో పాట్రిక్ ఓబూర్ చేసిన మార్పిడి ఫలితం 1990లో వచ్చింది, జబ్బు ఆగింది. దాత మూలుగలోంచి పుట్టిన కణాలు కొన్ని నెత్తురుతో వెళ్లి మెదడులో కాపలా కణాల చోటు తీసుకుంటాయి, లేని ఎంజైమును అక్కడ అందిస్తాయి. ఆ కొత్త కణాలకు మెదడులో చోటు దొరకడానికి సాయపడేది ఏ మందో తెలుసా? బుసల్ఫాన్. లోపలికి చొరబడుతుందని మేం భయపడి ఎప్టాయిన్ వేసిన గుణమే ఇక్కడ కావలసిన గుణం అయింది.

2003లో ఇవా మెజే అనే పరిశోధకురాలు, మగవాళ్ల మూలుగ ఎక్కించుకుని తర్వాత చనిపోయిన నలుగురు ఆడ రోగుల మెదడు ముక్కల్లో వై క్రోమోజోము ఉన్న కణాలు చూపించి, వాటిలో కొన్ని నాడీకణాలే అని ప్రకటించింది. పెద్ద గొడవ అయింది. మూలుగ కణాలు అప్పటికే ఉన్న నాడీకణాలతో కలిసిపోయి అలా కనబడుతున్నాయని ఇతరులు తేల్చారు. మూలుగ నుంచి కొత్త మెదడు మొలుస్తుందన్న ఆశ అక్కడితో చల్లారింది. ఆ ఆశను అమ్ముకునే క్లినిక్కులు మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు సొంత మూలకణాల మార్పిడిని 1995లో గ్రీసు దేశం థెస్సలొనీకిలో మొదలుపెట్టారు. కెనడాలో మార్క్ ఫ్రీడ్‌మన్, హెరాల్డ్ అట్కిన్స్ 24 మందికి చేసి 2016లో ఫలితం ప్రకటించారు. ఒకరు చనిపోయారు. మిగిలినవాళ్లలో జబ్బు మళ్లీ తిరగబెట్టలేదు. వాళ్ల మెదడు స్కానుల్లో కనబడిన తీరు ఈ వైద్యం గురించి నేను చదివినవాటిల్లోకెల్లా నిజాయితీ గలది. మార్పిడి అయిన కొత్తలో మెదడు ఇంకా వేగంగా కుంచించుకుంది. తర్వాత ఆ వేగం తగ్గుతూ వచ్చి, వయసుతో అందరికీ కుంచించుకునే వేగానికి చేరింది. అంటే ముందు దెబ్బ, తర్వాత నిలకడ.

తొంభైల చివర జెరూసలేంలో షిమోన్ స్లావిన్, సియాటిల్‌లో రైనర్ స్టోర్బ్ తక్కువ మోతాదు మార్పిడులు మొదలుపెట్టాక వార్డు మనుషులే మారిపోయారు. నేను చేరినప్పుడు నలభై దాటినవాళ్లను తీసుకోవడానికి డాక్టర్లు వెనకాడేవాళ్లు. నేను రిటైరయ్యేనాటికి అరవై దాటిన తాతలు పడకల మీద పేపరు చదువుకుంటూ కనబడేవాళ్లు. అరవై దాటిన మనిషికి మతిమరుపు ముందే ఉందో, వైద్యం తెచ్చిందో చెప్పాలంటే ముందు కొలవక తప్పదు. అందువల్లే ఇప్పుడు కొన్ని చోట్ల మార్పిడికి ముందు ఫైల్లో ఒక కొత్త కాగితం చేరింది. గడియారం బొమ్మ గీసి ముళ్లు పెట్టడం, ఐదు మాటలు విని కాసేపటికి తిరిగి చెప్పడం, వందలోంచి ఏడేసి తీసుకుంటూ పోవడం. కణజాలం రిపోర్టు, గుండె స్కాను, ఊపిరితిత్తుల పరీక్ష, పళ్ల డాక్టరు చెకప్, వీటన్నిటి కింద ఆ కాగితం పిన్ను కొట్టి ఉంటుంది. పళ్ల డాక్టరు చెకప్ మాత్రం నేను చేరిన రోజు నుంచీ ఉంది.